పసికందు పక్క: ఒక అట్టపెట్టె చరిత్ర

ఇంటిలో కాన్పు దగ్గరపడినదనగానే మన పెద్దవాళ్లు మొదట వెదకేది పాత నూలుచీరలు. ఉతికి ఉతికి మెత్తబడిన చీరను మరిగే నీళ్లలో వేసి, ఎండలో ఆరవేసి, పొత్తిగుడ్డలుగా చింపి మడతపెట్టి ఉంచేవారు. చీరలు కలిపి కుట్టిన బొంత ఒకటి, దోమతెర ఒకటి అమరితే బిడ్డకు కావలసిన సంభారం చాలవరకు సమకూడినట్లే. నేడు పసిపిల్లల పేర అంగళ్లలో అమ్మే వస్తువులకు లెక్క లేదు. దూదిదిండ్లు, పక్కదిండ్లు, బొచ్చుదుప్పట్లు, గుడ్డబొమ్మలు ఇన్ని అన్ని కావు. వీటిలో ఏది అవసరం, ఏది అలంకారం, ఏది అపాయం? ఈ ప్రశ్నను పట్టుకొని చరిత్రలోనికి నడిస్తే ఉత్తరాన ఫిన్లాండు దేశంలో ఒక అట్టపెట్టె మనకు ఎదురవుతుంది.

నేడు సంపన్నదేశాల సరసన నిలిచిన ఫిన్లాండు 1930ల నాటికి పేదదేశమే. అక్కడ పుట్టిన ప్రతి 1,000 మంది శిశువులలో సుమారు 65 మంది తొలి పుట్టినరోజు చూడకుండానే కన్నుమూసేవారు. పుట్టేవారి సంఖ్య కూడ తగ్గిపోతున్నదని ప్రభుత్వానికి దిగులు పట్టుకున్నది. అప్పుడు 1937లో ప్రసూతిసహాయ శాసనం చేసినారు. 1938 నుండి అల్పాదాయం గల తల్లులకు సహాయం అందసాగినది. రొక్కంగానో వస్తువుల రూపంలోనో తీసుకొనవచ్చును. ఆ తొలిసంవత్సరంలోనే తల్లులలో సుమారు మూడింట రెండువంతుల మంది దానికి అర్హులైనారంటే ఆనాటి లేమి ఎంతటిదో ఊహించవచ్చును.

ఆ వస్తువులు వచ్చేది ఒక పెట్టెలో. బిడ్డబట్టలు ఇంట్లో తల్లులే కుట్టుకొనే కాలం గనుక మొదట అందులో గుడ్డ కూడ పెట్టి పంపేవారు. పెట్టె అడుగున సరిగ్గా పట్టే చిన్న పరుపు వేస్తే అదే బిడ్డకు పక్క. ఫిన్లాండులో ఎందరెందరో పిల్లలు తమ తొలినిద్ర ఆ పెట్టెలోనే పోయినారు. 1940లలో యుద్ధం వచ్చి గుడ్డంతా సైన్యానికి కావలసివచ్చినప్పుడు కూడ ఈ ఏర్పాటు ఆగలేదు. దుప్పట్లు, పొత్తిగుడ్డలు కొన్ని కాగితంతో చేసి పంపినారు. కాగితపు పొత్తిళ్లలో పెరిగిన బిడ్డలను తలచుకుంటే మనకు జాలి కలుగవచ్చును. కాని అంతటి కరవులో కూడ పసిబిడ్డ వాటాను రద్దు చేయని దేశాన్ని మెచ్చుకొనకుండా ఉండలేము.

1949లో పేద, ధనిక భేదం తొలగించి, తల్లులందరికీ పెట్టె ఇవ్వసాగినారు. దానితోపాటు ఒక నియమం పెట్టినారు. గర్భం ధరించిన నాలుగవ నెల ముగిసేలోపల ఆమె వైద్యునివద్దకో పురపాలక ఆరోగ్యకేంద్రానికో పోయి పరీక్ష చేయించుకొనవలె. ఆ కేంద్రాలను అక్కడ ‘నెవొలా’ అంటారు. శిశువైద్యులు ఆర్వో యుల్ప్యో వంటివారి చొరవతో 1920లలో మొదలైన ఆ కేంద్రాలను నడపడం 1944నాటి శాసనం ప్రతి పురపాలకానికీ విధిగా చేసినది. పెట్టెకోసం వచ్చిన తల్లికి పరీక్ష జరిగేది, సలహా దొరికేది, దాది పరిచయమయ్యేది. పెట్టెలోని వస్తువులకన్న పెట్టె చూపిన దారి విలువైనదని మా అభిప్రాయం.

ఇప్పుడు ఆ దేశంలో శిశుమరణాలు 1,000కి సుమారు 2. ఇదంతా అట్టపెట్టె మహిమే అనడం మాత్రం సత్యం కాదు. యుద్ధానంతరం వచ్చిన కొత్త మందులు, ఆసుపత్రులు, ఆరోగ్యబీమా, మెరుగుపడిన తిండి కలిసి సాధించిన ఫలమిది. ఆ ప్రయత్నానికి పెట్టె ఒక ఆహ్వానపత్రిక.

పెట్టెలోని సామగ్రి కాలంతో మారుతూ వచ్చినది. 1957లో గుడ్డ స్థానంలో కుట్టిన ఉడుపులు వచ్చినాయి. 1969లో వాడి పారవేసే లంగోటీలు చేరినాయి. ఈ శతాబ్దారంభంలో వాటిని తీసివేసి మళ్లీ గుడ్డవే పెట్టినారు. తల్లిపాలను ప్రోత్సహించడానికి పాలసీసాలను తొలగించినారు. దీనినిబట్టి చేర్చడమే కాదు, తీసివేయడం కూడ తెలివేనని గ్రహించవచ్చును.

ఆ తెలివి పక్కవిషయంలో లోకానికి ఎంత ఆలస్యంగా వచ్చినదో చెప్పే అధ్యాయం ఇంకొకటి ఉన్నది. అది బాధాకరమైనది. పాశ్చాత్యదేశాలలో ఇరవయ్యవ శతాబ్ది నడిమికాలంలో బిడ్డను బోర్లా పడుకోబెట్టమనే సలహా వ్యాపించినది. వెల్లకిల ఉంటే కక్కినది గొంతుకు అడ్డుపడునని భయం. లక్షలమంది తల్లులు నమ్మిన అమెరికా వైద్యుడు డాక్టర్ స్పాక్ గ్రంథం 1958నాటి ముద్రణలో ఈ సలహానే ఇచ్చినది. తరువాతి దశాబ్దాలలో, రాత్రి ఆరోగ్యంగా పడుకున్న బిడ్డ తెల్లవారేసరికి విగతజీవియై కనబడే విషాదం ఎన్నో ఇళ్లలో జరిగినది. ఇంగ్లీషువారు దానికి ‘కాట్ డెత్’ అని పేరు పెట్టినారు. 1980ల చివర బ్రిటన్, న్యూజీలాండు మొదలైన దేశాలలో జరిగిన పరిశోధనలు బోర్లా నిద్రకు, ఆ మరణాలకు గల సంబంధాన్ని స్పష్టం చేసినాయి. 1991లో బ్రిటన్‌లోను, 1994లో అమెరికాలోను వెల్లకిలనిద్రను గూర్చి ప్రచారం సాగినది. కొన్ని సంవత్సరాలలోనే ఆ దేశాలలో ఇట్టి మరణాలు సుమారు సగానికి, కొన్నిచోట్ల అంతకన్న తక్కువకు దిగినాయి. 1970 నాటికే లభ్యమైన ఆధారాలను జతపరచి చూచి ఉంటే ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండులలో కనీసం 50,000 మంది బిడ్డలు దక్కేవారని 2005లో వెలువడిన ఒక పరిశీలన తేల్చినది. ఆ తల్లులకు ప్రేమ తక్కువైనదా? లేదు. వారికి అందిన సలహా తప్పు.

కనుక నేటి వైద్యుల మాట మనం శ్రద్ధగా వినవలె. బిడ్డను ప్రతి నిద్రకూ వెల్లకిల పడుకోబెట్టవలె. పక్క గట్టిగా, చదునుగా ఉండవలె. పైన పరచిన గుడ్డ బిగువుగా ఉండవలె. తొలి సంవత్సరంలో దిండు వద్దు, ముఖంమీదికి జారే దుప్పటి వద్దు, పక్కలో బొమ్మలు వద్దు. తల గుండ్రంగా వస్తుందని మన ఇళ్లలో పెట్టే ఆవాలదిండు కూడ ఈ లెక్కలోనిదే. చీర ఉయ్యాల ఏడుపు మాన్పడానికి మంచిదే కాని, అందులో మెడ వంగి గడ్డం రొమ్ముకు ఆనే ప్రమాదమున్నది. నిద్రపట్టిన బిడ్డను చదునైన పక్కమీదికి మార్చడం క్షేమం. ఆ పక్క తల్లి గదిలోనే, ఆమె చేయి అందేదూరంలో ఉండవలె. దోమతెర బిగువుగా, బిడ్డకు తగలకుండా కట్టవలె. అమ్మమ్మ ఉతికి ఆరవేసిన నూలుగుడ్డకు ఇందులో ఏ లోపమూ లేదు. ఒంటికి చుట్టడానికి దానికి మించినది అరుదు.

తెలుగునేలపైన కూడ ఈ పెట్టెకు తోబుట్టువు పుట్టినది. 2017 జూన్‌లో తెలంగాణలో ప్రారంభమైన కె.సి.ఆర్. కిట్ పథకం కింద ప్రభుత్వాసుపత్రిలో ప్రసవించిన తల్లికి దోమతెరతో కూడిన బిడ్డపక్క మొదలైన 16 వస్తువులు ఇచ్చినారు. మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా అందేటట్లు, ఆ విడతలు గర్భిణీ పరీక్షలతోను, టీకాలతోను ముడిపడేటట్లు ఏర్పాటు చేసినారు. 1949లో ఫిన్లాండు పెట్టిన నియమం ఇక్కడ మరొక రూపంలో కనబడుతున్నది.

బిడ్డపై మమకారంతో మనం పక్కను నింపాలనుకుంటాము. ఖాళీగా ఉంచితేనే బిడ్డ క్షేమమని చరిత్ర చెప్పుతున్నది. కొనదలచిన మెత్తని దిండు ధరను దాచి ఉంచండి. గర్భిణి ఆరోగ్యపరీక్షకు పోయేనాటి బండి ఖర్చుకు అది ఉపయోగపడుతుంది.