తీర్పులు దిద్దిన చేయి

1906 అక్టోబరు 22వ తేదీ, సోమవారం. మదరాసులో అర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూతపడినవి. ఆ వార్త పింఛనుదారుల ఇండ్లకు, వితంతువుల ఇండ్లకు, చిన్న ఉద్యోగుల ఇండ్లకు పిడుగువలె చేరినది. దొరల కంపెనీ, తరాల నాటి పేరు, పైగా మంచి వడ్డీ! ఈ మూడింటిని నమ్మి కూతురి పెండ్లికని, ముసలితనానికని దాచుకొన్న సొమ్ము అక్కడనే ఉన్నది. ఆనాటి మదరాసు రాజధానిలో మన ఆంధ్ర జిల్లాలును భాగమే గనుక, ఆ కలవరము మనకు పరాయిది కాదు.

ఆ సమయమున ఋణదాతల పక్షమున ముందుకు వచ్చినవారిలో ప్రముఖుడు వి. కృష్ణస్వామి అయ్యరు. తంజావూరు జిల్లాలో 1863లో జన్మించి, 1885లో హైకోర్టు వకీలైన వ్యక్తి. ఆయనకు మరియొక వృత్తి కూడ ఉండెడిది. 1891లో వెలువడ నారంభించిన ‘మద్రాస్ లా జర్నల్’కు సుందరయ్యరు, శివస్వామయ్యరు గార్లతో పాటు ఆయన సంపాదకత్వము వహించినారు.

న్యాయపత్రిక సంపాదకుని పని ఏమిటి? వందల తీర్పులు చదివి, అచ్చు వేయదగిన వానిని ఏరవలెను. నలుబది పుటల తీర్పులో న్యాయసూత్ర మెక్కడ ఉన్నదో పట్టుకొని, దానిని నాలుగు పంక్తులలో తీర్పునకు పైన నిలుపవలెను. ఒక్క మాట జారినచో దూరపు ఊరి మునసబు కోర్టులో ఒక కక్షిదారుడు నష్టపోవచ్చును. తీర్పు పొరపాటని తోచినచో, మర్యాద తప్పక ఆ మాటయు చెప్పవలెను. పెద్ద పేరునకు బెదరక, వ్రాసినదానిని వ్రాసినట్లు చదువుట ఆ పనివలన కలుగు అలవాటు. దివాలా తీసిన కంపెనీ లెక్కలను చదువుటకు ఇంతకంటె తగిన శిక్షణ ఏది?

వ్యవహారము దివాలా కోర్టుకు వచ్చినది. లండనులోని అనుబంధ సంస్థ కూడ కూలినది. కంపెనీ అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌పై విచారణ జరిగి, మోసము నేరము ఋజువై, 18 నెలల కఠిన శిక్ష పడినది. దొర కూడ చట్టమునకు లోబడినవాడే అని జనులు కన్నులార చూచినారు.

కాని శిక్షవలన సొమ్ము తిరిగిరాదు. కోర్టు పోయినదానికి లెక్క కట్టగలదు. పోకుండ కాపాడునది మరియొకటి కావలెను. కృష్ణస్వామి అయ్యరు ఈ భేదమును గ్రహించినారు. కంపెనీ మూతపడిన కొద్ది రోజులకే, దేశీయులు తమ సొమ్మును తామే నిర్వహించుకొను బ్యాంకును స్థాపింపవలెనని విజ్ఞాపన పంపినారు. 1907 మార్చిలో ఇండియన్ బ్యాంకు రిజిస్టరైనది. ఆ ఆగస్టు 15న పని ప్రారంభించినది. నమ్మకము చెడిన ఊరిలోనే నమ్మకము పెట్టుబడిగా మొదలైన సంస్థ అది.

ఆయన 1909లో హైకోర్టు న్యాయమూర్తియై, 1911లో గవర్నరు కార్యనిర్వాహక సభలో చేరి, ఆ డిసెంబరులోనే కన్నుమూసినారు. నలుబదియెనిమిది ఏండ్ల జీవితము మాత్రమే. 1969లో జాతీయము చేయబడిన ఆ బ్యాంకు నేటికిని ఉన్నది. 2020లో అలహాబాద్ బ్యాంకు దానిలో విలీనమైనది.

అధిక వడ్డీ ఆశ చూపువారు ప్రతి తరములోను వచ్చుచునే ఉన్నారు. సొమ్ము దాచబోవు గృహస్థు చేయదగినది ఆ సంపాదకుడు చేసిన పనియే: పేరును గాక, పత్రమును చదువుట.