తేలు మంత్రం – బి.పి. మాత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరగా, మన చెలక నేలల్లో అందరూ ఎరిగిన తేలు గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

1972లో నేను మహబూబ్‌నగర్ జిల్లాలో గ్రామసేవకుడిని. అక్కడైనా, పక్కనున్న నల్గొండ జిల్లాలోనైనా తొలకరి పడిందంటే రాతిగోడల సందుల్లోంచి, పిడకల కుప్పల్లోంచి తేళ్లు బయటికి వచ్చేవి. కుట్టినచోట కొందరు చింతగింజను బండమీద అరగదీసి అంటించేవారు. కొందరు మంత్రగాడి దగ్గరికి పరుగెత్తేవారు. మంత్రంతో తగ్గినవారు ఊరూరా ఉండేవారు. నిజానికి చాలా తేలుకాట్లు నొప్పిపెట్టి వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం మంత్రానికి దక్కేది.

ఒక రాత్రి మా పక్కింటి అయిదేళ్ల పిల్లవాణ్ణి ఎర్రతేలు కుట్టింది. మంత్రం వేయించారు. "నొప్పి పోయింది సారూ, ఇగ భయం లేదు" అన్నాడు తండ్రి. పిల్లవాడికి చెమటలు కారుతున్నాయి, వాంతులవుతున్నాయి, చేతులు చల్లబడ్డాయి. అవన్నీ చూసి కూడా నేను ఆ మాట నమ్మి ఇంటికి వెళ్లి పడుకున్నాను. తెల్లవారేసరికి పిల్లవాడు లేడు.

ఆ చెమటల అర్థం నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతంలో 1976 నుంచి పల్లెల్లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ప్రాణం తీసేది నొప్పి కాదని, గుండెకు తగిలే దెబ్బ అని గమనించి 1982లో లాన్సెట్ వైద్యపత్రికలో రాశారు. ఎర్రతేలు విషానికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె అలసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ప్రమాదకరమైన కాటులో నొప్పి తక్కువగా కూడా ఉండవచ్చు. బి.పి.కి వాడే ప్రజోసిన్ మాత్ర ఆ నాళాలను వదులు చేస్తుందని ఆయన దానిని వాడారు. విషం బాగా ఎక్కినవారిలో నూటికి ముప్పై దాకా ఉండిన చావులు మూడులోపుకు దిగాయి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా కలిపి ఇస్తే రోగి ఇంకా త్వరగా కోలుకుంటాడని 2011లో ఆయన చూపించారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

మనవలు, మనవరాళ్లున్న మిత్రులకు నా మనవి ఒక్కటే. తేలు కుడితే కోయకండి, గట్టిగా కట్టకండి. చిన్నపిల్లలైతే నొప్పి తగ్గినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఎవరికైనా చెమటలు, వాంతులు, చల్లని చేతులు కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. మాత్ర డాక్టరే ఇవ్వాలి, మీరు వేయకండి. మంత్రం మీద నమ్మకముంటే దారిలో చదివించుకోండి. బండి మాత్రం ఆపకండి.