3.4 తెలంగాణ చిత్రకళలో భావవ్యక్తీకరణ ధోరణి

కనిపించిన రూపాన్ని ఉన్నదున్నట్లు చిత్రించక, అది మనసులో రేపిన అనుభూతికి తగినట్లు రేఖను, రంగును, ఆకృతిని మార్చడమే భావవ్యక్తీకరణ ధోరణి. 20వ శతాబ్దం ఆరంభంలో జర్మనీలో ఇది ఎక్స్‌ప్రెషనిజం పేరుతో ఉద్యమమైంది. అక్కడి చిత్రకారుల్లో పలువురు నగరజీవితపు అలజడిని చిత్రించగా, తెలంగాణలో ఈ ధోరణికి పల్లె ఆధారమైంది.

మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్, కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం ఇద్దరూ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ శిష్యులు. లక్ష్మాగౌడ్‌కు రేఖ ప్రధానం. ఆయన ఎచింగ్‌లలో స్త్రీపురుషులు, మేకలు, చెట్లు పెనవేసుకుంటాయి. పల్లెల్లో దాపరికం లేని కామాన్ని ఆయన నగర మధ్యతరగతి సంకోచానికి ఎదురుగా నిలిపారు. వైకుంఠానికి రంగు ప్రధానం. నల్లని మేను, పెద్ద బొట్టు, ముదురు ఎరుపు, పసుపు చీరలతో ఆయన స్త్రీలు నిండుగా కనిపిస్తారు. అయితే ఈ రంగులను చూసి పల్లెను సుఖసీమ అనుకోరాదు. గడీలోని వెట్టి బతుకును చూపిన ‘దాసి’ (1988) చిత్రానికి కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం పొందినదీ ఆయనే.

కాబట్టి ఈ చిత్రాలను చరిత్ర విద్యార్థి నాటి పల్లెకు ఛాయాచిత్రాలుగా కాక, నగరం చేరిన కళాకారుడు పల్లెను తలచుకున్న తీరుకు సాక్ష్యాలుగా పరిశీలించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: లక్ష్మాగౌడ్, వైకుంఠం చిత్రాల్లో పల్లె ఎలా భిన్నంగా వ్యక్తమైంది?