మంగోలులూ, పన్నులూ, ఓ గుమాస్తా లెక్కా

చెంఘిజ్ ఖాన్ యుద్ధాల గురించి రాసినవాళ్ళు బోలెడుమంది. గుర్రాలు, విల్లులు, తగలబడిన ఊళ్ళు... ఇవన్నీ అందరికీ తెలిసినవే. నాకు మాత్రం ఆ తర్వాతి సంగతే ఆసక్తిగా ఉంటుంది. గెలిచారు సరే, గెలిచిన జనాన్ని ఏం చేసుకున్నారు? గుర్రం మీదే పెరిగినవాళ్ళు రైతుల దగ్గర పన్నెలా వసూలు చేశారు?

చెంఘిజ్ 1227లో పోయాడు. 1229లో ఆయన కొడుకు ఒగెదెయ్ గద్దెనెక్కాడు. అప్పటికే ఉత్తర చైనాలో చాలా భాగం వాళ్ళ చేతికొచ్చింది. ఆస్థానంలో ఓ పెద్దమనిషి ఇచ్చిన సలహా ఏమిటంటే, ఈ చైనావాళ్ళ వల్ల మనకేం ఉపయోగం లేదు, వీళ్ళని లేకుండా చేసి పొలాలన్నీ పచ్చికబయళ్ళుగా మార్చేద్దాం అని. వినడానికి ఘోరంగా ఉంది కదా? పశువులే ఆస్తి అనుకునేవాడికి మాత్రం అది మామూలు లెక్కే.

దీన్ని అడ్డుకున్నవాడు యెలూ చుత్సాయ్. ఖితాన్ జాతివాడు. మంగోలుల చేతిలో దెబ్బతిన్న జిన్ రాజ్యంలో ఉద్యోగం చేసి, తర్వాత వీళ్ళ కొలువులో చేరాడు. ఆయన ఖాన్ ముందు పెట్టింది అంకెలు. భూమి, వ్యాపారం, ఉప్పు, సారా, ఇనుము... వీటి మీద పన్ను వేస్తే ఏటా 5 లక్షల లియాంగుల వెండి (లియాంగ్ అంటే 40 గ్రాములకు కాస్త అటూఇటూ), 80 వేల పట్టు తానులు, 4 లక్షల షీల (అప్పటి చైనా కొలత) ధాన్యం వస్తాయన్నాడు. మన భాషలో చెప్పాలంటే రెవెన్యూ మోడల్ చూపించాడన్నమాట. సరే, చేసి చూపించమన్నాడు ఖాన్. 1230లో పది పన్ను కార్యాలయాలు పెట్టారు. 1231లో ఆ వెండీ పట్టూ కళ్ళముందు పెట్టేసరికి ఖాన్ ఆశ్చర్యపోయి, పరిపాలన వ్యవహారాలకి ఆయన్నే పెద్దని చేశాడు.

ఇక్కడితో ఆపితే ఇదో తెలివైన మంత్రి కథ. అసలు కథ ఆ తర్వాతే ఉంది.

1239లో అబ్దుల్ రహ్మాన్ అనే వ్యాపారి రంగంలోకి దిగాడు. అప్పటికి ఉత్తర చైనా నుంచి రావలసిన వెండి 11 లక్షల లియాంగులు. నేను 22 లక్షలు కడతాను, వసూలు నాకొదిలెయ్యండి అన్నాడు. ఒకప్పుడు మన దగ్గర సారా దుకాణాలు వేలంపాట పాడినట్టు పన్నుల్నే గుత్తకి తీసుకోవడం అన్నమాట. చుత్సాయ్ ఎంత మొత్తుకున్నా ఖాన్ వినలేదు. ఎందుకు వింటాడు? డబ్బొస్తుంది కాబట్టి వీళ్ళని బతకనివ్వండి అని మొదట చెప్పింది ఆయనే కదా! ఆ లెక్క ప్రకారం రెట్టింపు ఇస్తానన్నవాడే గొప్ప.

గుత్తదారుడికి కావలసింది ఈ ఏటి వసూలు. వచ్చే ఏడు రైతు ఊళ్ళో ఉంటాడా లేడా అన్నది వాడికనవసరం. కట్టలేనివాళ్ళు వ్యాపారుల దగ్గర అప్పు చేసేవారు. ఏడాదికి వడ్డీ అసలంత, ఆపైన చక్రవడ్డీ. చైనాలో దీన్ని గొర్రెపిల్ల వడ్డీ అనేవారు, పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెడతాయి కాబట్టి. వడ్డీ అసలుని మించకూడదని చుత్సాయ్ నియమం పెట్టించాడు గానీ, గుత్తల్ని మాత్రం ఆపలేకపోయాడు. ఆయన చనిపోయాక, బాగా వెనకేసుకుని ఉంటాడని ఇల్లు సోదా చేయిస్తే దొరికినవి కొన్ని వీణల్లాంటి వాయిద్యాలు, బొమ్మలు, పుస్తకాలు!

గుత్తల గొడవ చైనాతో ఆగలేదు. రష్యాలో రోస్తోవ్, సుజ్దాల్, వ్లాదిమిర్ జనం 1262లో పన్ను గుత్తదారుల మీద తిరగబడ్డారు. ఇరాన్‌లో, అక్కడి మంగోల్ పాలకుడు గజన్ ఖాన్ (1295-1304) దగ్గర మంత్రిగా చేసిన రషీదుద్దీన్ రాసినదాన్నిబట్టి, యాజ్ద్ ప్రాంతంలో వసూలుదార్లు వస్తున్నారంటే చాలు, జనం ఇళ్ళొదిలి పారిపోయేవారట. గజన్ తన సర్దారులతో ఏమన్నాడో కూడా ఆయన రాశాడు. రైతుల్ని దోచుకుందామంటే నేనూ మీతో వస్తాను, కానీ రేపు మళ్ళీ తిండిగింజలు కావాలని నన్నడగొద్దు అని దాని సారాంశం. డెబ్భై ఏళ్ళ తర్వాత, వేరే దేశంలో, మళ్ళీ చుత్సాయ్ లెక్కే!

కాకపోతే గజన్ ఇంకో పని కూడా చేశాడు. ఏ ఊరు ఎంత కట్టాలో నిర్ణయించి, దాన్ని పలకల మీదో రాళ్ళ మీదో చెక్కించి ఊళ్ళో పెట్టించమని ఆజ్ఞ ఇచ్చాడు.

నా దృష్టిలో అసలు తేడా ఇదే. లాభం చూపించి కాపాడిన ప్రాణం, అంతకంటే పెద్ద లాభం చూపించేవాడు వచ్చేదాకానే భద్రం. చుత్సాయ్ లెక్క తెలిసింది ఖాన్‌కీ ఆయన కొలువుకీ. ఊళ్ళో పలక ఉంటే ఆ లెక్క రైతుకీ తెలుస్తుంది. అంతకంటే ఎక్కువ అడిగినవాడికి చూపించడానికి వాడి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.