మారిషసు: భూస్థితి, ఆర్థిక చరిత్ర

హిందూమహాసముద్రమున మడగాస్కరుకు తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరమున, అగ్నిపర్వతముల నుండి పుట్టి, పగడపు దిబ్బలచే చాలవరకు పరివేష్టితమైయున్న చిన్న దేశము మారిషసు. ప్రధానద్వీప వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. అత్యున్నత శిఖరము ఎత్తు 828 మీటర్లు. నడుమ వర్షసమృద్ధమైన పీఠభూమియు, వాయవ్యతీరమున కొండలచాటున పోర్ట్ లూయీ రేవును కలవు. ఆ రేవే రాజధాని.

1598లో డచ్చివారు దీనికి తమ రాజకుమారుని పేరు పెట్టి, 1639లో జావానుండి చెఱకు తెచ్చి నాటి, 1710లో విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివా రాక్రమించిరి. 1746లో చెన్నపట్టణమును పట్టుకొనిన ఫ్రెంచి గవర్నరు లా బూర్డొనేయే ఈ రేవును తీర్చిదిద్దిన సమర్థుడు.

1810లో ఆంగ్లేయుల వశమైన పిమ్మట, 1825లో దీని చక్కెరకు బ్రిటనులో వెస్టిండీసు చక్కెరతో సమానమైన సుంకము లభించుటచే, దీవి యంతయు చెఱకుతోట యయ్యెను. మన చిత్తూరు సీమలో రైతు తన గానుగయొద్దనే బెల్లము వండుకొనును. అచటనో చక్కెర యంతయు ఓడకెక్కవలెను, తినెడి బియ్యము ఓడలో దిగవలెను. 1835లో బానిసత్వము రద్దగుటకు ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ నౌకలో 36 మంది భారతీయ కూలీలు నెలకు 5 రూపాయల జీతముపై వచ్చిరి. తరువాతి ఎనిమిది దశాబ్దములలో దాదాపు ఐదు లక్షలమంది ఈ రేవున దిగిరి. ఒకదినము పనికి రానిచో రెండు దినముల జీతమును కోసెడి దారుణమైన నిబంధనకు లోనయ్యును, ఈ దేశసంపదను సృజించినవారు వారే. 1843లో కోరింగ ప్యాకెట్ అను నౌక గోదావరీముఖమునందలి కోరంగి రేవునుండి తెలుగువారిని చేర్చెను. సింహాద్రి అప్పన్న పూజయు, రామభజనయు వారితో సముద్రము దాటినవి.

1869లో సూయజు కాలువ తెరువబడి ఓడలు ఆ దారిని పట్టగా రేవునకు వాటి రాక తగ్గెను. పిదప నొక శతాబ్దము చక్కెర ధరల హెచ్చుతగ్గులతోడను, తుఫానులతోడను గడచెను.

1968 మార్చి 12న స్వాతంత్ర్యము వచ్చెను. ఒక్క పంటపై నాధారపడుట ప్రమాదమని గ్రహించి, 1970లో ఎగుమతుల కొఱకు ప్రత్యేక పారిశ్రామిక విధానమును చేపట్టుట దూరదృష్టిగల పని. దానిచే వస్త్రపరిశ్రమ వృద్ధిచెందెను. అనంతరము పర్యాటకము, ఆర్థికసేవలు బలపడెను. చక్కెరకు ఐరోపా ఇచ్చుచుండిన హామీధర 2009లో ముగియుటతో చెఱకు ప్రాధాన్యము మఱింత క్షీణించెను. నాడు కోరంగినుండి వచ్చిన తెలుగువారి జాడ మాత్రము చెరగలేదు: 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఇచ్చటనే జరిగినవి. ఉగాది ఈ దేశమున ప్రభుత్వ సెలవుదినము.