ఒడిలోంచి లేచిన గిటారు

కోల్‌కతాలో పాత తరం వాళ్ల దగ్గర గిటారు మాటెత్తితే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: హవాయనా, స్పానిషా? మన ఊళ్లలో గిటారంటే మెడలో పట్టీ వేసుకుని నిలబడి వాయించేదే. అక్కడ మాత్రం చాలాకాలం గిటారంటే ఒళ్లో పడుకోబెట్టి వాయించే హవాయనే. ఆ నగరంలో గిటారు ముందు పాడటం నేర్చుకుంది. తాళం వేయడం తర్వాతెప్పుడో వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు తీగల మీద ఉక్కు ముక్కను జార్చి వాయించే పద్ధతికి ప్రచారం తెచ్చాడంటారు. మన గొట్టువాద్యం విన్న చెవికి ఆ జారుడు కొత్తేమీ కాదు. ఈ హవాయన్ గిటారును కలకత్తాకు దగ్గర చేసినవాళ్లలో టావ్ మో ముఖ్యుడు. ఊరూరా తిరిగే ఈ హవాయి కళాకారుడు కుటుంబంతో సహా 1940లలో, యుద్ధం రోజుల్లో, కలకత్తాలో ఉన్నాడు. ఆయన ప్రభావంలో ఎదిగిన ఆంగ్లో ఇండియన్ గార్నీ నిస్, 'అలోహా బాయ్స్' అనే బృందాన్ని నడిపాడు. ఎక్కడి హవాయి, ఎక్కడి హుగ్లీ!

బెంగాలీలు ఆ వాద్యాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నారు. సుజిత్ నాథ్, బటుక్ నంది, కవి నజ్రుల్ కొడుకు కాజీ అనిరుద్ధ, సునీల్ గంగూలీ వంటివాళ్లు రవీంద్ర సంగీతాన్నీ సినిమా పాటలనూ మాటల్లేకుండా తీగల మీద పలికించారు. మన ఇళ్లలో ఆడపిల్లకు వీణ నేర్పించినట్టు, అక్కడి మధ్యతరగతి ఇళ్లలో హవాయన్ గిటారు నేర్పించేవారు. వ్యాపారం పని మీద కలకత్తా వెళ్లి ఈ గిటారు విన్న జోధ్‌పూర్ వాడు బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాన్ని శాస్త్రీయ సంగీతంలోకి నడిపించాడు. ఆయన శిష్యుడు, కోల్‌కతా వాడైన దేబాశీష్ భట్టాచార్య ఇంకో అడుగు వేసి, చతురంగి అనే సొంత వాద్యాన్నే తయారుచేసుకున్నాడు.

ఇంత వైభవంలోనూ ఒక వెలితి. ఉక్కు కడ్డీ తిన్నగా ఉంటుంది కాబట్టి తీగలన్నిటినీ ఒకే గీత మీద నొక్కుతుంది. వేళ్లు వేర్వేరు చోట్ల పెట్టి రకరకాల కార్డులు, అంటే స్వరాల గుంపులు, పట్టే వీలుండదు. అందుకని ఆ గిటారు రాగం పలికేది, లయ సంగతి తబలా చూసుకునేది. ఇంటి గిటారుకు కుడిచేత్తో తాళం నడిపే అవసరమే రాలేదు.

ఆ పని జరిగేది పార్క్ స్ట్రీట్‌లో. ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్ వంటి రెస్టారెంట్లలో రాత్రిళ్లు జాజ్ బృందాలు వాయించేవి. బెంగళూరులో 1942లో పుట్టి, కలకత్తాలో స్థిరపడ్డ కార్ల్‌టన్ కిట్టో ఆ లోకం మనిషి. రికార్డులు వింటూ సొంతంగా బీబాప్ అనే జాజ్ శైలిని పట్టుకున్నవాడు. 1915లో మొదలైన కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో పాఠాలు చెప్పాడు. 2016లో పోయేదాకా ఆ ఊరినీ జాజ్‌నూ వదల్లేదు. హోటళ్ల మెరుపు తగ్గిపోయాక ఆ విద్య నిలిచింది ఇలాంటి గురువుల గదుల్లోనే అని చెప్పాలి.

ఇక బెంగాలీ పాట వంతు. 1975లో గౌతమ్ చటోపాధ్యాయ్ బృందం 'మొహినేర్ ఘోరాగులి' గిటార్లతో బెంగాలీ పాట కట్టింది. అప్పట్లో జనం పెద్దగా పట్టించుకోలేదు. 1992లో సుమన్ చటోపాధ్యాయ్ 'తొమాకే చాయ్' వచ్చింది. ఒక మనిషి, ఒక గిటారు. రెండేళ్లకు అంజన్ దత్ క్యాసెట్టు. ఇంకేం, కుర్రాళ్లకు స్పానిష్ గిటారు కావలసి వచ్చింది. రాగం పలికించడానికి కాదు, తమ పాటకు తామే తాళం వేసుకోవడానికి.

వచ్చిన చిక్కల్లా కుడిచేతితోనే. కొత్తగా చేరిన వాడి కళ్లు ఎడమచేతి వేళ్ల మీదే ఉంటాయి, గురువు కళ్లు మణికట్టు మీద. ఎడమ అరచేయి తీగల మీద ఆనించి నాదం ఆపేసి, కుడిచేతిని మాత్రం కిందికీ పైకీ ఊపమంటారు. నిమిషానికి అరవై దెబ్బలు, అంతే. ఎనిమిది మాత్రలు లెక్కపెట్టాలి: బేసి మాత్రకు చేయి కిందికి, సరి మాత్రకు పైకి. అందరూ మొదట నేర్చుకునే వరసలో రెండో మాత్రా అయిదో మాత్రా మోగవు. అయినా చేయి ఆగకూడదు, తీగను తాకకుండా గాలిలో దాటిపోవాలి. వారాలు తినేసేది ఈ అయిదోదే. చేయి అక్కడికొచ్చి ఆగుతుంది, లయ కుంటుతుంది.

విచిత్రమేమిటంటే, కహర్వా తాళానికీ మాత్రలు ఎనిమిదే. అందులో 'ఖాలీ', అంటే ఖాళీ చోటు, పడేది సరిగ్గా అయిదో మాత్ర మీద. రవీంద్ర సంగీతం వింటూ పెరిగిన పిల్లవాడి చెవికి ఆ చోటు ఎప్పుడో తెలుసు. తెలియనిదల్లా మణికట్టుకే. ఆరు మాత్రల దాద్రాకు వస్తే చేయి మరో రకంగా ఊగాలి, మళ్లీ మొదటి నుంచి సాధన.

లాల్‌బజార్ దగ్గర, రవీంద్ర సరణిలో వాద్యాల దుకాణాలు ఇప్పటికీ వరసగా ఉన్నాయి. అమ్మకాల్లో స్పానిష్‌దే పైచేయి. పాత హవాయన్ గిటారు అటక మీద ఉన్న ఇళ్లూ ఉన్నాయి. గుండ్రటి మెడ ఉన్న రకమైతే, తీగలను ఎత్తిపట్టే చిన్న లోహపు ముక్కను తలవైపు నుంచి తీసేసి మామూలు గిటారుగా మార్చుకోవచ్చు. తీగలు కిందికి దిగుతాయి. అన్నేళ్లూ కంటికి గుర్తులుగా మాత్రమే పనికొచ్చిన ఫ్రెట్ల మీద మొదటిసారి తీగ ఆనుతుంది.