బడ్జెట్ పద్దుల్లో మన వాటా ఎంత?
శాసనసభ్యుడు ప్రజలకు చెప్పవలసిన లెక్కలు, ప్రజలు అడగవలసిన ప్రశ్నలు

చీరాల: అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు ముగిసిన ప్రతిసారీ శాసనసభ్యులు నియోజకవర్గాలకు తిరిగివచ్చి సభలు, విలేకరుల సమావేశాలు ఏర్పాటు చేస్తారు. అధికార పక్షం వారు కేటాయింపులను ఏకరువు పెడతారు. ప్రతిపక్షం వారు అంకెల గారడీ అని కొట్టిపారేస్తారు. వినే రైతుకు, నేత కార్మికునికి, చిరు వ్యాపారికి మాత్రం తన ఊరి రోడ్డుకు, తన బిల్లుకు ఆ అంకెలతో సంబంధమేమిటో తెలియదు. బడ్జెట్, పన్నుల చర్చల్లో ప్రజాప్రతినిధి చేతిలో ఉన్నదెంత, లేనిదెంత అన్న విషయాలపై ఈ కథనం.

సభలో జరిగేది ఇదీ
రాజ్యాంగంలోని 202వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఆదాయ వ్యయ అంచనాలను శాసనసభ ముందుంచాలి. ఆర్థిక మంత్రి ప్రసంగం తర్వాత సాధారణ చర్చ, అనంతరం శాఖల వారీగా గ్రాంట్ల పద్దులపై చర్చ, ఓటింగ్ జరుగుతాయి. పద్దుపై అభ్యంతరం ఉన్న సభ్యుడు కోత తీర్మానం ఇవ్వవచ్చు. గడువులోగా చర్చకు రాని పద్దులన్నింటినీ చివరి రోజున ఒకేసారి ఓటింగ్‌కు పెట్టి ఆమోదిస్తారు. దీనినే గిలెటిన్ అంటారు. మన ప్రాంతానికి అవసరమైన శాఖ పద్దు అసలు చర్చకు వచ్చిందా, గిలెటిన్‌లో పోయిందా అన్నది ఓటరు మొదట తెలుసుకోదగిన విషయం.

పద్దుల తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. ఇది చట్టమైతేనే ఖజానా నుంచి రూపాయి బయటకు వస్తుంది. అప్పులపై వడ్డీ, హైకోర్టు న్యాయమూర్తుల జీతాల వంటి కొన్ని ఖర్చులపై చర్చే తప్ప ఓటింగ్ ఉండదు. ద్రవ్య బిల్లును శాసనమండలి తిరస్కరించలేదు. 14 రోజుల్లోగా సిఫార్సులతోనో, లేకుండానో తిప్పి పంపాలి. పంపకుంటే ఉభయ సభలూ ఆమోదించినట్లే పరిగణిస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూన్‌లో ఇదే జరిగింది. అసెంబ్లీ ఆమోదించిన ద్రవ్య వినిమయ బిల్లు మండలిలో ఆమోదం పొందకుండానే సభ నిరవధికంగా వాయిదా పడింది. 14 రోజుల గడువు ముగిసే వరకు ఆగవలసి రావడంతో జూలై మొదట్లో ఉద్యోగుల జీతాలు, పింఛన్లు ఆలస్యమయ్యాయి. సభా నియమాల ప్రభావం ఇంటి ఖర్చుల దాకా వస్తుందనడానికి ఇదొక ఉదాహరణ.

ఓట్ ఆన్ అకౌంట్ అంటే
పూర్తి బడ్జెట్ ఆమోదం పొందేలోపు కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే తాత్కాలిక అనుమతి ఇది. ఎన్నికల సంవత్సరమైన 2024లో ఫిబ్రవరిలో అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ 4 నెలలకు ఓట్ ఆన్ అకౌంట్ తీసుకున్నారు. ప్రభుత్వం మారిన తర్వాత ఆగస్టు నుంచి నవంబరు వరకు ఖర్చులకు ఆర్డినెన్స్ జారీ అయింది. ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ నవంబరు 11న పూర్తి బడ్జెట్ ప్రవేశపెట్టారు. అంటే ఆర్థిక సంవత్సరంలో ఏడు నెలలు గడిచాకే శాఖల వారీ చర్చకు సభ్యులకు అవకాశం దక్కింది. తెలంగాణలోనూ ఆ ఏడాది ఫిబ్రవరిలో ఓట్ ఆన్ అకౌంట్, జూలై 25న పూర్తి బడ్జెట్ వచ్చాయి.

అంకెలను చదివే తీరు
2025 ఫిబ్రవరి 28న ప్రవేశపెట్టిన ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ మొత్తం 3,22,359 కోట్ల రూపాయలు. ఇందులో రెవెన్యూ వ్యయం 2,51,162 కోట్లు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సంక్షేమ పథకాల వంటివి ఇందులోకి వస్తాయి. ప్రాజెక్టులు, రోడ్లు, భవనాల వంటి ఆస్తులు సమకూర్చే మూలధన వ్యయం 40,635 కోట్లు. మిగిలినది ప్రధానంగా పాత అప్పుల అసలు తీర్చడానికి, రుణాలు, అడ్వాన్సులకు పోతుంది.

రెవెన్యూ లోటును 33,185 కోట్లుగా, ద్రవ్య లోటును 79,926 కోట్లుగా అంచనా వేశారు. ద్రవ్య లోటు అంటే స్థూలంగా ఆ ఏడాది తేవలసిన నికర అప్పు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే, కొత్తగా తెచ్చే ప్రతి 100 రూపాయల అప్పులో 41 రూపాయలకు పైగా రోజువారీ ఖర్చులకే పోతుందని అర్థమవుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఓటరు చూడవలసిన నిష్పత్తి ఇదే.

అదే రోజు వ్యవసాయ శాఖ మంత్రి అచ్చెన్నాయుడు 48,340 కోట్లతో వ్యవసాయ బడ్జెట్ సమర్పించారు. ఇది విడిగా మరొక ఖజానా కాదు. సాగుకు, అనుబంధ రంగాలకు వివిధ శాఖల్లో ఉన్న కేటాయింపులను ఒకచోట చూపే పత్రం. రెండు మొత్తాలనూ కలిపి చెప్పడం తప్పుదోవ పట్టించడమే అవుతుంది.

కేటాయింపు వేరు, విడుదల వేరు
పల్లెల్లో ఎక్కువ అపోహ ఇక్కడే ఉంది. బడ్జెట్‌లో పద్దు ఉన్నంత మాత్రాన పని జరగదు. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, పని, కొలతల నమోదు, బిల్లు, నిధుల విడుదల, చెల్లింపు అనే మెట్లన్నీ ఎక్కాలి. ఏ మెట్టు వద్ద ఆగినా శిలాఫలకం మిగులుతుంది, రోడ్డు రాదు. బిల్లు రాని గుత్తేదారు పనిని సగంలో వదిలివేస్తే వానాకాలంలో బురదలో నడిచేది బడి పిల్లలే.

బడ్జెట్ పుస్తకాల్లో ప్రతి పద్దుకూ రెండేళ్ల కిందటి వాస్తవ లెక్క, నడుస్తున్న ఏడాది అంచనా, సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా వరుసగా ఉంటాయి. నిరుడు వంద కోట్లు చూపి సవరించిన అంచనాలో ముప్పై కోట్లకు దించి, ఈ ఏడాది మళ్లీ వంద కోట్లు చూపితే అది పెంపు కాదని ఈ వరుసను చూసిన వారెవరైనా గ్రహిస్తారు.

పన్నులపై నిర్ణయం ఎవరిది?
అన్ని పన్నులకూ శాసనసభ్యుణ్నే నిలదీయడం సరికాదు. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ అమలులోకి రావడంతో అమ్మకం పన్నుపై రాష్ట్రాల స్వేచ్ఛ చాలావరకు జీఎస్టీ మండలికి వెళ్లింది. అక్కడ ఓట్లలో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండొంతుల బలం ఉంటుంది. నిర్ణయానికి నాలుగింట మూడొంతుల మద్దతు కావాలి. అంటే కేంద్రం వద్దంటే ఏదీ సాగదు, కేంద్రం ఒక్కటే ఏదీ చేయలేదు.

చేనేత ప్రాంతాలకు తెలిసిన ఉదాహరణ ఒకటుంది. వస్త్రాలపై 5 శాతంగా ఉన్న పన్నును 2022 జనవరి 1 నుంచి 12 శాతం చేయాలన్న నిర్ణయాన్ని, రాష్ట్రాల నుంచి వ్యతిరేకత రావడంతో 2021 డిసెంబరు 31న మండలి వాయిదా వేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం శ్లాబులను చాలావరకు తొలగించి 5, 18 శాతాలను ప్రధాన రేట్లుగా నిలిపారు. కొన్ని వస్తువులపై 40 శాతం విధించారు. వీటిపై అసెంబ్లీలో మాట్లాడవచ్చు, తీర్మానం చేయవచ్చు. రేటు మార్చేది మాత్రం మండలే.

రాష్ట్రం చేతిలో మిగిలినవీ తక్కువేమీ కావు. పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీ పరిధిలో లేవు. 2021 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రహదారి అభివృద్ధి సెస్సు ఉండేవి. స్టాంపులు, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను రాష్ట్రానివే. వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలకు మించరాదని రాజ్యాంగమే హద్దు విధించింది. పట్టణాల్లో ఆస్తి విలువ ఆధారంగా పన్ను విధించే పద్ధతి 2020లో శాసనసభ చేసిన చట్ట సవరణతో వచ్చింది. పెంపు ఏటా 15 శాతానికి మించరాదన్న పరిమితి పెట్టినా, ఏటా పెరుగుతుందన్న విమర్శ ఎదురైంది. ఈ పన్నులపై తన ఓటు ఎటు వేశారో సభ్యుడు ప్రజలకు జవాబు చెప్పవలసిందే.

సభ్యుడు చేయగలిగినవి
కొత్త పన్ను, కొత్త ఖర్చు ప్రతిపాదించే ద్రవ్య బిల్లును గవర్నరు సిఫార్సు లేనిదే సభలో ప్రవేశపెట్టలేరు. కాబట్టి సొంతంగా నిధులు తెచ్చానని ఏ సభ్యుడు చెప్పినా అది మంత్రివర్గాన్ని ఒప్పించడమే. అయితే ప్రశ్నోత్తరాల సమయం, సావధాన తీర్మానం, కోత తీర్మానం, పద్దులపై ప్రసంగం ఆయన చేతిలోని సాధనాలు. పెండింగు బిల్లులెన్ని, ఏ పనికి ఎంత విడుదలైందన్న లిఖితపూర్వక సమాధానం సభా రికార్డుల్లో నిలుస్తుంది. ఖర్చు జరిగాక కాగ్ నివేదికలను ప్రజా పద్దుల సంఘం పరిశీలిస్తుంది. రాష్ట్రాల నెలవారీ ఆదాయ వ్యయాలను కాగ్ తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది.

ఓటరు అడగవలసినవి
- మన నియోజకవర్గ పనులకు నిరుడు ఎంత కేటాయించారు, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది?
- చెల్లించవలసిన బిల్లులెన్ని, ఏ మెట్టు వద్ద ఆగాయి?
- ఏయే పద్దులపై మీరు మాట్లాడారు, ఏ ప్రశ్నలు వేశారు, ఏ సమాధానం వచ్చింది?
- పన్ను పెంచే బిల్లు వచ్చినప్పుడు మీరు ఎటు ఓటు వేశారు?

గ్రామసభలో ఈ నాలుగింటికీ కాగితంపై సమాధానమిచ్చే సభ్యుడు ఏ పార్టీవాడైనా తన బాధ్యత నెరవేర్చినట్లే. ఆ కాగితాన్ని దాచుకుని, వచ్చే ఏడాది బడ్జెట్ నాటికి తీసి పోల్చిచూడటం ఓటర్ల పని.